వఫ్రా తోటలో మూడు మునకలు

పురిటి మంచం మీద మా ఎదురింటామె మొదట అడిగింది టైమెంతని. నర్సు పిల్లాణ్ణి గుడ్డలో చుట్టి చూపించబోతోంది. ఆమె అటు చూడకుండా నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూసి చెప్పమంది. చెప్పాను. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. ఆ తర్వాతే పిల్లాడి వైపు తల తిప్పింది.

నాకది వింతగా అనిపించలేదు. మా కోనసీమలోనూ పురిటిగది తలుపు తీయగానే వినపడే ప్రశ్న అదే. ఘడియ చూడాలి, నక్షత్రం చూడాలి, ఏ అక్షరంతో పేరు పెట్టాలో చూడాలి. "మీక్కూడా జాతకాలుంటాయా?" అని అడిగాను.

"మాకు రెండు పేర్లుంటాయి ఉఖ్తీ" అంది నీరసంగా. "ఒకటి కాగితాల్లోకి. రెండోది పుట్టిన ఘడియని బట్టి, తల్లి పేరుతో కలిపి. అది బయటివాళ్ళకి చెప్పం."

ఉఖ్తీ అంటే అరబ్బీలో తోబుట్టువా అని. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం ఆ మాటతోనే పిలుచుకునేవాళ్ళం. వచ్చీరాని నా అరబ్బీ, వచ్చీరాని ఆమె ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళం.

పిల్లాడు నెల ముందే పుట్టేశాడు. ఒళ్ళంతా పసుపు. తీసుకెళ్ళి నీలం లైటు కింద పడుకోబెట్టారు. అద్దం ఇవతల నుంచి కదల్లేకపోయాను. నాకేమో బంధువూ కాదు, ఊరివాడూ కాదు.

అప్పటికి మేం కువైట్‌లో, హవల్లీలో ఒక పాత బిల్డింగులో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. మా ఆయన కూరగాయల కంపెనీలో సూపర్‌వైజరు. వఫ్రా తోటల్లో సరుకు ఎత్తించి ఊళ్ళో కొట్లకి చేర్చడం ఆయన పని. నేను ఆయన వీసా మీద ఉన్నదాన్ని, అంటే పని చెయ్యకూడదు. అయినా చేసేదాన్ని. డ్యూటీలకెళ్ళే మన నర్సుల పిల్లల్ని పగలు మా ఇంట్లో పెట్టుకుని చూసేదాన్ని. బెల్లు మోగితే ముందు తలుపు కంతలోంచి చూసి, అప్పుడు గడియ తీసేదాన్ని. గుమ్మం బయట పిల్లల చెప్పులు కనపడనిచ్చేదాన్ని కాదు. భయానికి అలవాటుపడ్డ మనిషికి ఎదటివాళ్ళ భయం చప్పున తెలిసిపోతుంది. ఎదురింట్లోకి ఇరాకీ దంపతులు దిగిన వారానికే అర్థమైంది, వీళ్ళూ కంతలోంచి చూసి తలుపు తీసేవాళ్ళేనని.

ఆమె నాకన్నా చిన్నది. నెత్తిన గుడ్డ వేసుకునేది కాదు. వాచ్‌మన్ వాళ్ళు క్రిస్టియన్లన్నాడు. కింద కొట్టువాడు ముస్లిములన్నాడు. ఎవరేమన్నా ఆమె అవుననేది కాదు, కాదనేది కాదు.

అసలు సంగతి ఒక శనివారం బయటపడింది. మా ఆయనకి ఏలినాటి శని నడుస్తోందని మా అమ్మ ఫోనులో చెబితే, వంటింటి అలమరలో నువ్వులనూనె దీపం పెట్టడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆమె కొత్తిమీరకి వచ్చింది. ఇంకా కడుపుతో ఉంది.

"ఈ దీపం ఎవరికి?" అంది.

"శనికి" అని వేలు పైకి చూపించాను. "గ్రహం. మాకు తొమ్మిదిమంది."

ఆమె ముఖం మారిపోయింది. రెండడుగులు వెనక్కి వేసింది. "మాకు ఏడుగురు" అంది. "సూర్యుడు, చంద్రుడు, ఇంకో అయిదుగురు. కానీ మేం దీపం పెట్టం. వాళ్ళు జైలు కాపలావాళ్ళు."

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. పైన వెలుగు లోకం ఒకటుందట. అక్కడ ఉన్నదాన్ని వాళ్ళు జీవం అంటారు, దేవుడని కూడా పెద్దగా అనరు. మనలో ఉన్న ప్రాణం అక్కడిదే. దాన్ని తెచ్చి ఈ ఒంట్లో పడేశారు. ఈ లోకం దానిది కాదు, ఇక్కడ అది పరాయిది. ఆ ఏడుగురూ, పన్నెండు రాశులూ కలిసి దాన్ని మరుపులో పెట్టి తిరిగి పోనివ్వకుండా కాపలా కాస్తుంటారు. మనిషి పోయాక ఆ ప్రాణం పైకి వెళ్ళే దారిలో ఒక్కొక్కళ్ళ ఠాణా దాటాలి. ప్రతిచోటా ఆపుతారు.

"చెక్‌పోస్టుల్లాగానా?"

"అవును. అక్కడ ఇఖామా చూపించాలి" అని, ఇక్కడ మేమంతా వెంటబెట్టుకు తిరిగే నివాసం కార్డు పేరు చెప్పి నవ్వింది. "మా ఇఖామా నీళ్ళు. పారే నీళ్ళలో మునిగిన గుర్తు. అది ఉంటే వదులుతారు. నువ్వేమో కాపలావాడికి నూనె పోస్తున్నావు!"

"మరి కాపలావాణ్ణి మంచి చేసుకోకపోతే ఎలాగ?" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. అంతలోనే ఆమె నవ్వు ఆపేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేమెవరమో ఎవరికీ చెప్పొద్దంది. వాళ్ళని మాండియన్లంటారట. వాళ్ళ భాషలో మందా అంటే తెలుసుకోవడం, మనం జ్ఞానం అంటామే అది. ఇరాక్ జనం మాత్రం సుబ్బా అని పిలుస్తారు. యూదులు కాదు, క్రైస్తవులు కాదు, ముస్లిములు కాదు. నదిలో మనుషుల్ని ముంచి బాప్తిస్మం ఇచ్చాడని బైబిల్లో చెప్పే ప్రవక్త వాళ్ళకి పెద్ద. దక్షిణ ఇరాక్‌లో నదుల ఒడ్డునే బతికారు తరతరాలుగా. వెండి పని చేసేవాళ్ళు, పడవలు కట్టేవాళ్ళు. నీళ్ళు దూరమైతే వాళ్ళ మతం నడవదు. యుద్ధాలొచ్చి, బెదిరింపులొచ్చి, చెట్టు కొట్టేస్తే పిట్టలు లేచినట్టు తలో దేశం పోయారు. బయటివాళ్ళు అందులో చేరడానికి లేదు, బయటివాళ్ళని చేసుకుంటే లోపల ఉండటానికి లేదు. అందుకే వాళ్ళలో ఒక పిల్లో పిల్లాడో పుడుతున్నారంటే అందరూ ఎదురుచూస్తారు. ఆమె భర్తకి ఇక్కడ ఉద్యోగం. ఆస్ట్రేలియా కాగితాల కోసం కాచుకుని ఉన్నారు.

మరుసటి శనివారం దీపం దగ్గర అగ్గిపుల్ల పట్టుకుని కాసేపు నిలబడిపోయాను. ఆమె మాట భయంగానే ఉంది, మానేస్తే శనీ భయంగానే ఉంది. చివరికి వెలిగించాను.

పిల్లాణ్ణి ఇంటికి తెచ్చిన మూడో రోజున బస్రా నుంచి ఫోనొచ్చింది. ఆమె మామగారికి పక్షవాతం. భర్త ఆ పూటే సరిహద్దు దాటి వెళ్ళాడు. వెళ్తూ మా గుమ్మంలో నిలబడి, "వారంలో వచ్చేస్తాను. అంతదాకా కాస్త చూడమ్మా" అన్నాడు. వారమన్నది నెల దాటింది.

ఆమె గదిలో ఒక మూల చాప వేసుకుంది. కంచం వేరు, గ్లాసు వేరు. వంటింట్లోకి పోదు. నేను వండి తీసుకెళ్తే గిన్నె కింద పెట్టమని, నేను జరిగాక తీసుకునేది. ఇదీ నాకు వింత కాలేదు. మా నాయనమ్మ రోజుల్లో పురిటి మైల ఎంత పట్టింపుగా ఉండేదో చూశాను. కాకపోతే మాకు పదకొండోనాడు పురుటి స్నానంతో తీరిపోతుంది. "నువ్వూ తలమీద నీళ్ళు పోసుకో, అయిపోతుంది కదా" అన్నాను.

"ఇవి తెగిపోయిన నీళ్ళు" అంది బాత్రూమ్ వైపు చూపించి. "నదికీ వీటికీ సంబంధం లేదు. మేం మునగాల్సింది ప్రాణం ఉన్న నీళ్ళలో. మాకు మేమే మూడుసార్లు మునుగుతాం, దానికి పురోహితుడు అక్కర్లేదు. కానీ నీళ్ళు పారుతుండాలి."

"సముద్రం?"

"వెళ్ళాను. సాల్మియాలో ఒడ్డున నిలబడ్డాను. నా మనసు ఒప్పుకోలేదు. అది ఉప్పు."

మా ఊళ్ళో పెరటి తలుపు తీస్తే కాలవ. గిన్నెలు అందులోనే తోమాం, బట్టలు అందులోనే ఉతికాం, ఈత అందులోనే నేర్చుకున్నాం. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు తప్ప, అది పారుతోందా లేదా అని ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడీ ఆడకూతురి కోసం కువైట్ అంతా మనసులో గాలించాను. ఈ దేశంలో నది లేదు. సముద్రాన్ని మరగబెట్టి తాగే దేశం ఇది.

పిల్లాడు బరువు పెరగలేదు. పాలు రెండు గుక్కలు తాగి వదిలేసేవాడు. డాక్టరు కంగారు లేదంది, నెల ముందు పుట్టాడు కనక నెమ్మదిగా కోలుకుంటాడంది, తల్లి బాగా తినాలంది. తల్లి తినేది కాదు. నా ఒళ్ళు శుభ్రం కాలేదు, ఆ ఒంటితో పాలిస్తున్నాను, అందుకే వాడికి పట్టడం లేదు, ఇదే ఆమె గొడవ. వాళ్ళ మేనమామ ఒకాయన మతపెద్ద, సిడ్నీలో ఉంటాడు. ఆయన ఫోనులో నచ్చచెప్పాడు, బిడ్డకి పాలివ్వడానికి ఏ అడ్డూ లేదు, వీలైనప్పుడు మునుగుదువు గాని అని. ఫోను పెట్టేసేదాకా సరే అనేది. పెట్టేశాక మళ్ళీ మామూలే.

ఒక మధ్యాహ్నం వాళ్ళ తలుపు తోసుకుని వెళ్ళేసరికి పిల్లాడు చాప మీద గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె గోడకి చేరగిలబడి, చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుని వాడి వంకే చూస్తోంది. ఎత్తుకోవడం లేదు. జుట్టు తడిగా ఉంది. ఆ రోజుకి ఎన్నోసారి స్నానమో తెలియదు.

"ఎత్తుకో!" అని అరిచాను.

"నా చేతులు..." అంది.

ఎత్తుకుని భుజాన వేసుకున్నాను. బాలింత మనసు చెదిరితే ఏమవుతుందో మా ఊళ్ళో ఒకసారి చూశాను. బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. డాక్టరు మందు రాసింది, మనిషిని ఒంటరిగా వదలొద్దంది. మందు వేసుకుంది. కానీ ఆ చేతుల మాట ఆమె నోట పోలేదు.

ఆ సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుతూ, వఫ్రాలో మోటరు కాలిపోయి సరుకు ఆలస్యమైందని విసుక్కుంటున్నారు. మోటరు అన్న మాట చెవిన పడగానే నాకు వెలిగింది.

"ఏవండీ, ఆ తోటలో మోటరేత్తే నీళ్ళు ఎక్కడ పడతాయి?"

"సిమెంటు తొట్టిలో. దాంట్లోంచి కాలవలోకి పారతాయి. ఏం?"

చెప్పాను. ఆయన చేతిలో బూటు చేతిలోనే ఉండిపోయింది.

"ఆవిడ్ని తోటలోకి తీసుకెళ్ళి తానం సేయించాలా? మతిగానీ పోయిందేంటే నీకు?"

"తానం కాదండీ, మూడు మునకలు. అయిదు నిమిషాల పని."

"ఆ తోట ఓనరు కఫీల్ సూత్తే? మా కంపెనీకి ఫోన్ కొడితే? రేపు నా ఇఖామా మీ ఎదురింటావిడ రెన్యూవల్ సేయిత్తాదా?"

"పిల్లోడు ఎలా అయిపోతన్నాడో మీరే సూశారుగా. రేపేవన్నా అయితే మళ్ళీ ఆవిడ మొకం మనం సూడగలవా?"

ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తోటలో పనిచేసే కుర్రాడికి ఫోన్ చేశారు. కుర్రాడంటే ముప్పై దాటినవాడే, కడప వైపు మనిషి. పెళ్ళాం రుమైథియాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఫోను స్పీకర్లో పెట్టారు.

"ఏముందిన్నా దాంట్లో!" అన్నాడు అతను. "మోటరు కాడ తొట్టిలో మునిగేదానికేనా? మా ఊర్లో ఆడోళ్ళంతా అట్లనే పోసుకుంటారు. బాబా బేస్తారం సాయంత్రం వస్తాడు, శనారం పోతాడు. ఆదివారం పిల్చకరాండి." బాబా అంటే తోట యజమాని, గురువారం వచ్చి శనివారం పోతాడన్నమాట.

ఆదివారం వాళ్ళకి మంచి రోజట. అది వినగానే ఆమె ముఖంలో ఎన్నాళ్ళకో కాస్త కళ వచ్చింది. వెంటనే దిగులూ వచ్చింది. ఆ నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయని మా ఆయన చెప్పారు మరి. కడప తమ్ముణ్ణే మళ్ళీ అడిగాం. "రవ్వంత ఉప్పగుంటాయిలేక్కా. అయినా ఈ నీళ్ళతోనే గదా చెట్లు బతుకుతాండేది" అన్నాడు. ఆ మాట ఆమె సిడ్నీకి చేరవేసింది. భూమిలోంచి వచ్చి, ఆకాశం కింద పారుతూ, మొక్కని బతికించే నీళ్ళయితే సరేనన్నాడట మేనమామ. భర్త మాత్రం బస్రా నుంచి, "జాగ్రత్త. ఒక్క పోలీసు కేసు పడిందా, ఆస్ట్రేలియా ఫైలు మూసేస్తారు" అన్నాడు.

పిల్లల తల్లులకి నాకు జ్వరమని చెప్పాను. ఆదివారం పొద్దున్నే వ్యానులో బయల్దేరాం. చలికాలం చివర. ఆమె నల్లటి పొడుగు అంగీలాంటి అబాయా లోపల తెల్లబట్టలు వేసుకుంది. పిల్లాణ్ణి నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. దారిలో పోలీసు బండి ఒకటి మా వెనకే చాలాసేపు వచ్చింది. మా ఆయన అద్దంలో చూడటం, నేను ఆయన్ని చూడటం, ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదపడం. ఆ బండి ఎక్కడో పక్కకి మళ్ళింది. అప్పుడుగానీ పిల్లాణ్ణి ఎంత గట్టిగా అదుముకున్నానో తెలియలేదు.

తోట చివర రేకుల షెడ్డు, దాని పక్కన తొట్టి. నడుము దాటే లోతు. లావుపాటి గొట్టంలోంచి నీళ్ళు ధడధడా పడుతూ, అవతలి గండిలోంచి సిమెంటు కాలవలోకి, కాలవలోంచి దోసపాదుల్లోకి పారుతున్నాయి. ఎన్నేళ్ళయిందో పారే నీళ్ళు విని. ఆమె గండి దగ్గర గొంతుక్కూచుని, నీళ్ళు ఎటు పోతున్నాయో చాలాసేపు చూసింది. చెయ్యి పెట్టలేదు.

"ఉత్తరం ఎటు?" అని అడిగింది. వాళ్ళకి వెలుగు లోకం ఉత్తరాన ఉంది. మా ఆయన ఫోనులో చూసి చూపించారు. మగవాళ్ళిద్దరూ షెడ్డు అవతలికి వెళ్ళిపోయారు.

అబాయా తీసేసి తెల్లబట్టలతో తొట్టిలోకి దిగింది. చలిగాలికి నేనే వణుకుతున్నాను. ఉత్తరం తిరిగి నిలబడి ఏదో చదివింది. అరబ్బీ కాదు. అరబ్బీకన్నా పాత భాషట వాళ్ళది. నీళ్ళు దోసిట్లోకి తీసుకుంది, వదిలింది. మొదటి మునక మునిగింది. లేచి, ముఖం మీంచి జుట్టు తోసుకుని, మళ్ళీ చదివింది. రెండోది మునిగింది.

మోటరు ఆగిపోయింది.

గొట్టంలోంచి చివరి ధార తెగి, రెండు చుక్కలు పడి, అంతే. షెడ్డు అవతల తెల్ల జీపు. బండి తలుపు వేసిన చప్పుడు, ఆ వెంటే ఒక మగగొంతు గద్దిస్తున్న కేక. కడప తమ్ముడి గొంతు మాత్రం, "బాబా, బాబా" అంటోంది.

తొట్టి నిండా నీళ్ళున్నాయి.

"మునిగేసెయ్!" అన్నాను. "ఒక్కటేగా. అయిపోతుంది."

ఆమె నీళ్ళ వంక చూసింది. పైన చిన్న అల కూడా లేదు. "ఆగిపోయాయి" అంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఉఖ్తీ, ఇవి చచ్చిపోయాయి."

బతిమాలాను. కసిరాను కూడా. తల అడ్డంగా ఊపుతూ అక్కడే నిలబడింది, పెదాలు నీలంగా మారుతున్నా. మధ్యలో వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలియదు. ఆమెకి తెలుసేమో, అడగడానికి ధైర్యం చాల్లేదు. పిల్లాణ్ణి భుజానికెత్తుకుని షెడ్డు అవతలికి నడిచాను.

శనివారమే పోవాల్సిన పెద్దాయన. తెల్లటి గడ్డం, చేతిలో తాళాలగుత్తి. మా ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. నన్ను చూడగానే ఆ యజమాని, "షినో హాదా?" అన్నాడు. ఏమిటిదంతా అని.

"మా ఎదురింటామె, బాబా. ఈ పిల్లాడి తల్లి. నీళ్ళు కావాలంది. ఇంకొక్కసారి మునగాలి."

"ఎందుకు?"

అరబ్బీలో మొక్కుకి ఏమంటారో గుర్తు రాలేదు. "బిడ్డ కోసం" అన్నాను.

"ముస్లిమా? క్రిస్టియనా?"

ఎవరికీ చెప్పనని ఆమెకి మాటిచ్చాను. ఆయన నా వంక, మా ఆయన వంక చూసి, "ఇరాకీనా?" అన్నాడు.

"అవును."

"సుబ్బా?"

నేను నేల చూశాను. ఎక్కడికి ఫోను చేస్తాడో, మా ఇఖామాలు తీసిచ్చి నిలబడమంటాడో. సరిగ్గా అప్పుడు పిల్లాడు సన్నగా ఏడుపు ఎత్తుకున్నాడు. పిల్లి కూనలా ఉండేది వాడి ఏడుపు.

"ఎన్ని నెలలు?" అన్నాడు ఆయన.

"రెండు."

"ఇంత చిన్నగా ఉన్నాడేం?"

"పాలు తాగడు, బాబా."

ఆయన దుప్పటి కొంగు తాళాలగుత్తి కొసతో పక్కకి జరిపి చూసి, మళ్ళీ కప్పాడు. కడప తమ్ముడి వైపు తిరిగి, మోటరు వెయ్యమని చేత్తో సైగ చేశాడు. నాతో మాత్రం, "ఇది తోట. స్నానాల హమ్మాం కాదు. ఇంకోసారి ఎవర్నీ తేవద్దు. తొందరగా, యల్లా" అని, తొట్టి వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

పరుగెత్తాను. గొట్టం దగ్గి, మట్టినీళ్ళు కక్కి, మళ్ళీ ధార కట్టింది. ఆమె వెంటనే మునుగుతుందనుకున్నాను. మునగలేదు. తొట్టి నిండి, గండిలోంచి పొంగి, కాలవలో పారి, దోసపాదుల మొదట్లో మెరిసేదాకా చూస్తూ నిలబడింది. అవతల ఆయన, "యల్లా! యల్లా!" అంటున్నాడు. ఆమె తొందరపడకుండా ఉత్తరం తిరిగింది, చదవాల్సింది మొదట్నుంచీ చదివింది, తల పూర్తిగా మునిగేదాకా వెళ్ళి లేచింది.

పైకి వచ్చాక మొట్టమొదట చేతులు చాచింది. పిల్లాణ్ణి ఇచ్చాను.

తిరుగుదారిలో వ్యానులో వేడి పెట్టారు. అబాయా కింద పిల్లాడు చప్పుడు చేస్తూ తాగుతున్నాడు. కడప తమ్ముడు కిటికీలోంచి వేసిన దోసకాయలు ఆమె కడక్కుండానే కొరికి తింది, ఒకటి తర్వాత ఒకటి. తర్వాత నా భుజం మీద తల పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆ నీళ్ళ మహిమో, వేసుకుంటున్న మందులో, తిండి మొదలవడమో, పిల్లాడికి నెలలు నిండడమో, ఏది వాణ్ణి నిలబెట్టిందో నేను చెప్పలేను. నెమ్మదిగా బుగ్గలొచ్చాయి వాడికి.

నాకు మాత్రం ఆ తర్వాతే నిద్ర కరువైంది. ఫోను మోగితే కంపెనీవాళ్ళేనేమో, బెల్లు మోగితే పోలీసేమో. మా ఆయన నాతో మాటలు తగ్గించేశారు. ఏమన్నా అడిగితే, "సూద్దాం, ఏవవుద్దో" అనేవారు. చివరికి ఓపిక పట్టలేక కడప తమ్ముడికి నేనే ఫోన్ చేశాను.

"బాబా రెండు దినాలు నాతో మాట్లాడలేదక్కా" అన్నాడు. "మూడోనాడు బెండకాయలు ముదరబెట్టినానని తిట్టినాడు. అంటే ఖలాస్, ఆ సంగతి మర్చిపోయినట్లే. నువ్వు బయపడొద్దు."

భర్త బస్రా నుంచి వచ్చాడు, తండ్రిని సాగనంపి. పలకరిద్దామని వెళ్ళాను. ఆయన వాలిపోయిన భుజాలు చూడగానే నాకు దుఃఖం ఆగలేదు. మా వైపు పరామర్శకి వెళ్ళి ఏడవకపోతే తప్పు. ఆమె గబగబా వచ్చి నా కొంగుతోనే నా కళ్ళు అద్దేసింది.

"వద్దు ఉఖ్తీ, ఏడవకూడదు. మనం ఏడిస్తే ఆ కన్నీళ్ళన్నీ నది అవుతాయి. పోయినవాళ్ళు ఆ నది దాటలేక ఒడ్డున నిలబడిపోతారు."

గుడ్లనీరు గుడ్లలో కుక్కుకుని కూర్చున్నాను. ఆ భార్యాభర్తలు కంటతడి లేకుండా, బిగిసిన ముఖాలతో నాకు టీ ఇచ్చారు. వాళ్ళ దుఃఖం కన్నా అది చూడటమే కష్టమైంది. ఇంటికొచ్చాక కూడా, అప్పటికే కారిపోయిన నా రెండు చుక్కలు ఆ ముసలాయన దారిలో ఏం అడ్డం పడ్డాయోనని బెంగగా ఉండింది. మా వైతరణి గురించి చిన్నప్పుడు విన్న రాత్రులూ ఇలాగే నిద్ర పట్టేది కాదు.

మరుసటి ఏడు వాళ్ళ కాగితాలు వచ్చాయి. వెళ్ళిపోయిన కొన్ని నెలలకి, ఒక మధ్యాహ్నం వీడియోలో పిలిచింది. అక్కడ నది ఒడ్డున మేనమామే పిల్లాడికి బాప్తిస్మం ఇచ్చాడట. నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయట, వాడు ఒడ్డంతా దద్దరిల్లేలా ఏడ్చాడట. ఫోను వాడి వైపు తిప్పింది. తెల్లటి తువ్వాల్లో చుట్టుకుని, కోపంగా, ఎవరినీ క్షమించేది లేదన్నట్టు చూస్తున్నాడు.

"ఇంకేం దిగులు నీకు?" అన్నాను.

"దిగులు లేకపోవడమేం! వీడికి పిల్లెక్కడ దొరుకుతుంది? ఇక్కడ మావాళ్ళు ఎంతమందని?" అంది. నవ్వులాటకి కాదు, నిజంగానే అంటోంది. ఆ కళ్ళు నాకు తెలుసు.

మా ఆయన నా భుజం మీంచి తొంగిచూసి, "ఒళ్ళు బాగా సేశాడే" అన్నారు.